ఎం.టెక్ చేయని అమ్మాయి

"మీరు ఏ కాలేజీ అండీ?"

ఆమె ఆఫీసులో చేరిన మొదటి రోజే అతను అడిగాడు.

"కాలేజీ కాదండీ. మా అక్క ఫొటో స్టూడియో వెనక గది," అంది ఆమె.

అక్కడ ఫొటోలు ప్రింటయ్యేలోగా పాత కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుంది. అతనేమో ఎం.టెక్‌లో గోల్డ్ మెడల్. ఆఫీసంతా అతన్ని మెడల్ అనేవారు. ఆమెకు సొంతపైత్యం అని పేరు పెట్టింది మాత్రం అతనే.

ఆమె కోడ్ సరిచూసే పని మెడల్‌కే పడింది.

"కోడ్‌లో ఈ లెక్కకి 'అదే ఇది' అని పేరు పెట్టారేమిటండీ?"

"అంతకుముందు 'అది' వాడేశానండీ."

"తర్వాత చదివేవాడి గతేమిటి?"

"మీ కోడ్ చదవడానికి చాలా బాగుందండీ. నడిచేది ఎప్పుడు?"

ఇలా రోజూ పోట్లాడుకుంటూనే ఆమె పేర్లు సరిగ్గా పెట్టడం నేర్చుకుంది, అతను పని పూర్తిచేయడం నేర్చుకున్నాడు. ఒక వానలో ఒకే గొడుగు కింద బస్‌స్టాప్ దాకా వెళ్లారు. బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు.

విషయం అతని తండ్రి దాకా వెళ్లింది. ఆయన రిటైర్డ్ ప్రొఫెసర్. ముగ్గురూ కాఫీ షాపులో కలిశారు.

"ఏం చదువుకున్నావమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా మెడల్ అందుకున్నాడు. "ఎం.టెక్ నాన్నా."

"ఏ సబ్జెక్టు?"

"మీ అబ్బాయినే అడగండి. చేశానని నాకూ ఇప్పుడే తెలిసింది," అని లేచి వెళ్లిపోయింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఏడుపు ఎవరికీ కనబడకుండా.

మర్నాడు అతను ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"మీ గురించి సిగ్గుపడి కాదు. ఆయనంటే భయపడి చెప్పాను."

"నాకు రెండూ ఒకేలా వినబడ్డాయండీ."

అతను అక్కడే తండ్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, నిన్న అబద్ధం చెప్పాను. తనకు డిగ్రీ కూడా లేదు. అన్నీ సొంతంగా నేర్చుకుంది. చేసుకుంటే తననే చేసుకుంటాను."

"నిన్ననే తెలిసిందిరా," అన్నాడాయన. "నా దగ్గర ఎం.టెక్ చేసినవాళ్లెవరూ అంత చురుగ్గా జవాబు చెప్పలేదు."

"మీకు అభ్యంతరం లేదా?"

"అమ్మాయి విషయంలో లేదు. నీ విషయంలోనే. ఆ అమ్మాయికి ఉందేమో కనుక్కో ముందు." ఫోన్ పెట్టేశాడు.

చుట్టుపక్కల కీబోర్డులన్నీ ఆగిపోయాయి.

"మరి... క్షమించారా?" అన్నాడు అతను.

"పెళ్లికైతే సరేనండీ," అంది ఆమె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "క్షమించడం సంగతి పెళ్లయ్యాక తీరిగ్గా చూద్దాం."