ఓటడిగిన చిలకమ్మ గొంతు

చనిపోయిన మూడు నెలలకి చిలకమ్మ ఓట్లు అడగడం మొదలుపెట్టింది.

ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె కూతురు శ్రీసత్య ముఖంలో ఏ కదలికా లేదు. డాబాగార్డెన్స్‌లో స్టేషనరీ కొట్టు పైనున్న డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని, పక్కింటివాళ్ల కుళాయి కారుతోందన్నంత చదునుగా చెప్పింది. భయపడుతూ వచ్చేవాళ్లనీ, ఏడుస్తూ వచ్చేవాళ్లనీ అసిస్టెంటు సన్యాసిరాజు చాలామందిని చూశాడు. వాళ్లకి ముందు మంచినీళ్లూ, తరవాత ఒక జోకూ ఇచ్చి కుదుటపరచడం ఆయన డ్యూటీ. ఈ అమ్మాయికీ మంచినీళ్లిచ్చాడు. గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"రోజూ పొద్దున్న తెడ్డు గుర్తు వాళ్ల ఆటో వస్తాది మేడమ్. మైకులో మా అమ్మ పాడతాది. 'తెడ్డుకే ఓటెయ్యండి' అంటాది. మా అమ్మని నాను దగ్గరుండి సాగనంపేను."

బల్లకి అవతల డిటెక్టివ్ కనకరత్నం కళ్లు మూసుకుని వింటోంది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తల మీద హెడ్‌ఫోను పెట్టుకుని పనిచేసిన మనిషి. 'హలో' అన్న తీరుని బట్టి అవతలివాడు అబద్ధమాడుతున్నాడో, ఆకలి మీదున్నాడో చెప్పగలదు. మేడమ్‌గారికి చెవులు రెండు, వేగులు రెండు, మొత్తం కలిపి రెండే అని సన్యాసిరాజు ఊరంతా చెబుతూ ఉంటాడు. ఆయన పాతికేళ్లు పెళ్లిళ్లలో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించినవాడు. మాట చేతికి దొరికితే మడతపెట్టకుండా వదలడు.

ఆయన కేసు ఫారం తీసి రాసుకున్నాడు: శ్రీసత్య, వయసు ఇరవై ఏడు, తండ్రి కీర్తిశేషులు ఎర్రయ్య, 2014లో మరణం. ఉద్యోగం మధురవాడ కంప్యూటర్ కంపెనీలో. ఇల్లు జాలరిపేట.

సంగతి ఇదీ. చిలకమ్మ చేపలమ్మేది, ఒడ్డు మీది పాటలు పాడేది. ఆ పాటలు కూతురు ఫోనులో తీసి నెట్టులో ఛానెల్ పెట్టింది. నలభై ఒక్క పాటలు. ఇప్పుడు మధురవాడలోని 'ఉదయరాగం' రికార్డింగ్ స్టూడియో యజమాని ఉదయ్‌కుమార్, ఆ పాటలు తనవని సైటువాళ్లకి ఫిర్యాదు పెట్టాడు. చిలకమ్మ 2012లోనే తన స్టూడియోకి వచ్చి పాడిందట, హక్కులన్నీ తనవేనట, శ్రీసత్య దొంగట. రుజువుగా పాత రికార్డింగు కూడా జతచేశాడు. మూడు కాపీరైట్ స్ట్రైకులు పడ్డాయి. వారం రోజుల్లో ఛానెల్ మూసేస్తారు.

"స్టీలు ప్లాంటులో స్ట్రైకు చూశాను, పోర్టులో స్ట్రైకు చూశాను, పాట మీద స్ట్రైకు ఇదే చూడ్డం!" అన్నాడు సన్యాసిరాజు. "ఉక్కు నగరం కదమ్మా, స్టీలుకి కొదవేముంది? ఇనుముతో చేసేదొకటి, ఇంగ్లీషులో దొంగిలించేదొకటి!"

అమ్మాయి నవ్వలేదు. కోప్పడనూ లేదు. జోకు వెళ్లి గోడకి తగిలి కిందపడింది.

"పేటలో నాతో ఎవరూ మాట్లాడట్లేదు మేడమ్. అమ్మ గొంతు అమ్ముకున్నామని అంటన్నారు. ఛానెల్ పోతే పోనీండి. అమ్మ నిజంగా అక్కడికెళ్లి పాడిందా? నాకు సెప్పకుండా పాడిందా? అదొక్కటీ తెలియాల."

"రెండూ వినిపించమ్మా," అంది కనకరత్నం.

మొదటిది ఛానెల్లోది. బోర్లించిన పడవ మీద చిలకమ్మ, ఒళ్లో చేపల గంప, వెనకాల కెరటాల హోరు.

*ముందు తాడు ముత్యాలు, ఎనక తాడు...*

అక్కడ గంప మీద వేళ్లతో రెండు దెబ్బలు. టక్ టక్.

*...నడుమ తాడు నరసయ్య, లాగర లాగో.*

రెండోది స్టూడియోవాళ్ల 2012 రికార్డింగు. కెరటాలు లేవు. అద్దంలా ఉంది. అదే గొంతు, అదే జీర.

*ముందు తాడు ముత్యాలు, హుఁ. ఎనక తాడు ఎర్రయ్య, హుఁ. నడుమ తాడు నరసయ్య, హుఁ. లాగర లాగో.*

సన్యాసిరాజుకి రెండూ పోతపోసినట్టు ఒకలాగే వినిపించాయి. ఇంకేముంది, తల్లే పాడిందని మనసులో కేసు మూసేశాడు. కనకరత్నం మాత్రం రెండో పాటని మూడుసార్లు పెట్టించుకుని, "ఈ పాట మీ ఛానెల్లో ఇంకెక్కడెక్కడ ఉందో అన్నీ పంపించు," అంది.

మర్నాడు తెడ్డు గుర్తు పార్టీ ఆఫీసుకి వెళ్లారు. వార్డు నాయకుడు గవర్రాజు టీ తెప్పించాడు.

"జానపదానికి యజమానేటి మేడమ్? సంద్రానికి ఉన్నాడేటి? జనం పాట, జనం కోసం వాడేం. తప్పేటి?"

"మీ పార్టీ కూడా జనానిదే కదండీ," అన్నాడు సన్యాసిరాజు. "రేపు నేనొచ్చి మీ కుర్చీలో కూర్చుంటాను, జరుగుతారా?"

గవర్రాజు పగలబడి నవ్వాడు. "బావా, నువ్వు భలేటోడివి!"

"చిలకమ్మని ముందే అడిగారా?" అంది కనకరత్నం.

"అడగలేదనను. బతికుండగా అడిగేను. 'నా పాట సేపలకి, సీట్లకి కాదు' అంది. ఊరుకున్నాను. ఆవిడ పోయేక, నెలన్నర కిందట ఉదయ్‌కుమారే పాట తెచ్చేడు. పాత రికార్డింగట, పార్టీకని నాలుగు లైన్లు సాఫ్ట్‌వేర్లో కలిపేడట. రైట్సని కాగితం రాసిచ్చేడు. ఇదిగో."

అక్కణ్నించి మధురవాడ. ఉదయ్‌కుమార్‌కి ముప్పై ఐదేళ్లుంటాయి. చల్లటి గది, గోడలకి మెత్తటి స్పాంజి. ఆ గదిలో సన్యాసిరాజుకి తన మాట తనకే పరాయిగా వినిపించింది.

"2012లో చిలకమ్మ ఒక్కతే వచ్చిందా?"

"ఒక్కతే మేడమ్. సింగిల్ టేక్."

"కాగితం చూసి పాడిందా?"

"చదువు రాదుగా. అంతా కంఠతా."

"తరవాత మీరేమైనా కలిపారా? మాటలు మార్చారా?"

"ఒరిజినల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను."

"అక్కర్లేదు. రాజుగారు రాసుకున్నారు," అంది కనకరత్నం.

బయటికొచ్చాక సన్యాసిరాజు ఉండబట్టలేక, "వాడు వాయిస్ ఇప్పించాడా, వాయించాడా మేడమ్?" అన్నాడు. ఆవిడ నవ్వుతూ జాలరిపేటకి ఆటో పిలిచింది.

ఆఖరికి జాలరిపేట ఒడ్డు. చిలకమ్మ తమ్ముడు అప్పలసూరి చిరిగిన వల ముందు కూర్చుని ముడులు వేస్తున్నాడు. పెద్దవల లాగేటప్పుడు తాడు దగ్గర పాట అందుకునేది ముప్పై ఏళ్లుగా అతనేనని శ్రీసత్య చెప్పింది. అతను తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఈమధ్య పాడటం మానేశారట?" అడిగింది కనకరత్నం.

"గొంతు రాట్లేదమ్మా." ముడి బిగించాడు. "హుఁ."

"ఆటోలో మీ అక్క పాట విన్నారా?"

"ఆటో వొచ్చే ఏలకి సంద్రం మీద ఉంటాను." ఇంకో ముడి. "హుఁ."

"అది మీ అక్క గొంతేనంటారా?"

వల కళ్లు లెక్కపెడుతున్నట్టు చూశాడు. "గొంతు అక్కదే," అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ శ్రీసత్య ఇంట్లో చేరారు. చిన్న గది. గవర్రాజుకి కుర్చీ, ఉదయ్‌కుమార్‌కి స్టూలు. అప్పలసూరి గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. శ్రీసత్య గోడకి ఆనుకుని నిలబడింది. ఉదయ్‌కుమార్ తన లాప్‌టాప్ కూడా తెచ్చుకున్నాడు. రుజువులన్నీ అందులోనే ఉన్నాయట.

కనకరత్నం ముందు ఛానెల్లోని పాట పెట్టింది, తరవాత స్టూడియో పాట.

"ఈ పాట చిలకమ్మ ఛానెల్లో ఆరుచోట్ల పాడింది. ఆరుచోట్లా 'ఎనక తాడు' తరవాత మాట లేదు. రెండు దెబ్బలే. మా రాజుగారు తాళం అనుకున్నారు."

"అనుకున్నాను," ఒప్పుకున్నాడు సన్యాసిరాజు.

"తాళమైతే మిగతా పాదాల్లోనూ ఉండాలి. ఒక్కచోటే ఎందుకుంది? అక్కడ రావలసిన పేరు ఎర్రయ్య. సత్యా, మీ నాన్నగారి పేరేమిటి?"

"ఎర్రయ్య." శ్రీసత్య గోడని వదిలి ముందుకొచ్చింది. "అమ్మ ఎప్పుడూ ఆ పేరు అనేది కాదు మేడమ్. ఆస్పత్రిలో అడిగితే రేషన్ కార్డు సూపించేది. నాను పక్కనుంటే నన్ను సెప్పమనేది."

"అదీ సంగతి. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి పాటలో కూడా ఆ పేరు గంపకి అప్పగించింది. ఎర్రయ్య పోయింది 2014లో. మరి ఉదయ్‌కుమార్ బాబూ, 2012లో ఆయన ఇంట్లో అన్నానికి కూర్చునే రోజుల్లో, ఈవిడ నీ మైకు ముందుకొచ్చి మొగుణ్ని పేరు పెట్టి పిలిచిందా? ఒక్క అక్షరం మార్చలేదన్నావు."

ఉదయ్‌కుమార్ స్టూలు మీద ముందుకి జరిగాడు. "అంటే... స్టూడియో కదా, మేమే అనమన్నామేమో..."

"అనదు," అంది శ్రీసత్య.

"అనలేదు," అంది కనకరత్నం. "మిషను అంది. ఛానెల్లోని నలభై ఒక్క పాటలూ మింగించి, కెరటాల చప్పుడు వడకట్టి, ఆవిడ గొంతు తయారుచేశావు. ఎవరైనా పాడితే అది చిలకమ్మ గొంతులో పలుకుతుంది. కానీ ఎవరో పాడాలి. ఛానెల్ విని నేర్చుకున్నవాడైతే ఆ చోట రెండు దెబ్బలు వేసేవాడు. ఆ పేరు తెలిసినవాడు, అనడానికి అడ్డు లేనివాడు పాడాడు. ఒడ్డు మీద తాడు పట్టి పాడిన మగవాడు. పాదం పాదానికీ తాడు లాగే ఊపిరి కూడా పాటలో దిగిపోయింది. గంప నెత్తినెత్తుకునే ఆడమనిషి అలా 'హుఁ' అనదు. ముడి బిగించేటప్పుడు కూడా అలా ఊపిరి విడిచే మనిషిని నిన్న ఒడ్డు మీద విన్నాను."

ఎవరూ గుమ్మంవైపు చూడలేదు. అప్పలసూరే లేచి లోపలికొచ్చాడు.

"నానే పాడేను."

సన్యాసిరాజు రాస్తున్న కలం ఆపాడు. చిలకమ్మ శత్రువెవడో దొరుకుతాడని వచ్చాడాయన.

"అక్క పోయేక ఇంట్లో సప్పుడు లేదు తల్లీ," అన్నాడు అప్పలసూరి శ్రీసత్యతో. "ఈ బాబొచ్చి, 'నువ్ పాడు, మీ అక్క ఇనిపిస్తాది' అన్నాడు. పాడేను. ఇనిపించింది. నా నోటి పాట అక్క గొంతుతో నాకే ఇనిపించింది. మల్లీ పాడేను. పదకొండుసార్లు పాడేను. ఓట్లకని నాకు తెల్దు. తెలిసేక సెప్పడానికి నోరు రాలేదు."

"గొంతెమ్మ కోరికంటే..." అని మొదలుపెట్టి, సన్యాసిరాజు నాలుక కరుచుకుని ఆగిపోయాడు. పాతికేళ్లలో ఆయన మధ్యలో వదిలేసిన మొదటి మాట అది.

ఉదయ్‌కుమార్‌కి మాత్రం నోరొచ్చింది. "టెక్నాలజీ మేడమ్, అందరూ చేస్తున్నారు. పాట ఎవరిదీ కాదు. గొంతుకి కాపీరైట్ ఎక్కడుంది?"

"పాట అందరిదే," అంది శ్రీసత్య, అదే చదునైన స్వరంతో. "గొంతు మా అమ్మది. అడిగితే వద్దంది. వద్దన్నది కూడా ఆ గొంతుతోనే."

"ఆ తగువు కోర్టులు తీరుస్తాయి, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో," అంది కనకరత్నం. "నీ తప్పు అంతకన్నా చిన్నది బాబూ, అందుకే వెంటనే దొరికావు. నెలన్నర కిందట పుట్టిన పాటకి 2012లో పుట్టినరోజు చేశావు. ఈ అమ్మాయి ఛానెల్ బతికున్నంతకాలం నీ పాట నకలని సైటు కంప్యూటరే పట్టేస్తుంది. అందుకని దొంగే ముందు 'దొంగ దొంగ' అని అరిచాడు. తప్పుడు రుజువు పెట్టి ఫిర్యాదు చేశానని రాసిస్తావా, పోలీసుల్ని ఇక్కడికే రమ్మంటావా?"

అతను రాశాడు. గవర్రాజు అప్పటికే ఫోనులో ఉన్నాడు. "మైకులాపండ్రా! అన్ని ఆటోలూ! ప్రచారమనుకుంటే అపచారమైంది. ఎర్రయ్య పేరు సంగతి పేటలో తెలిస్తే ఒక్క ఓటు రాల్దు." ఫోను జేబులో పెట్టి, శ్రీసత్యకి దణ్ణంలాంటిదేదో పెట్టి బయటికి నడిచాడు.

కాగితం తీసుకుని కనకరత్నం లాప్‌టాప్ వైపు చూపించింది. "పాట ఎలాగూ నెట్టులో సాక్ష్యంగా ఉంది. తయారుచేసిన గొంతు?"

"ఇదొక్కటే ఫైలు మేడమ్," అంటూ ఉదయ్‌కుమార్ తెర వాళ్లవైపు తిప్పాడు. "డిలీట్ చేసేయమంటే చేసేస్తాను."

"ఉండు బాబూ," అన్నాడు అప్పలసూరి.

అతను తెరకేసి చూశాడు, మేనకోడలికేసి చూశాడు.

"నన్ను తిట్టు తల్లీ. ఒక మాటైనా తిట్టు."

"నన్నెందుకు తీసికెళ్లలేదు మావా?" అంది శ్రీసత్య. "నానూ వినేదాన్ని గదా."

"ఉంచమంటావేటి?" అని అడిగాడు అప్పలసూరి, తెరకేసి చూపిస్తూ.

"నాకేటీ అనిపించట్లేదు మావా. మూణ్ణెల్లుగా ఏటీ అనిపించట్లేదు. ఆటో వచ్చినా అనిపించలేదు. నువ్వే సెప్పు."

"అక్క జన్మలో అనని పేరు నా నోటితో అనిపించీసేను. బతికుంటే నా ముకం సూసేది కాదు." అప్పలసూరి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అక్షరాలు రావు. "ఎక్కడొత్తాల?"

శ్రీసత్య వచ్చి పక్కన కూర్చుంది. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన ఆ వేలు పట్టుకుని, తీసుకెళ్లి మీట మీద పెట్టింది. "ఇదే మావా." నొక్కడం మాత్రం అతనికే వదిలేసింది.

సన్యాసిరాజు గుమ్మం బయటికి చూశాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి అయిపోయింది. చెరిగిపోయేటప్పుడు ఫైలు చప్పుడేమీ చెయ్యలేదు. అప్పలసూరి మాత్రం ఇంకా వేలు తియ్యలేదు.