అన్నయ్యకు పెట్టిన అన్నం

ఆదివారం పొద్దున మిహ్యాంగ్ పుట్టింటికి వచ్చేసరికి వీధి మొదట్లోకే వేపుడు వాసన వస్తోంది. తల్లి ఓక్‌బున్ వంటగదిలో నేల మీదే కూర్చుని, చేప ముక్కల్ని పిండిలో పొర్లించి, గుడ్డుసొనలో ముంచి పెనం మీద వేస్తోంది. ఎనభై దాటిన మనిషి. ఈమధ్య ఒక్క చారు కాచుకోవడానికే బద్ధకిస్తోంది.

“ఎవరొస్తున్నారమ్మా?” అంటూ మిహ్యాంగ్ గిన్నెలోంచి మొలకల కూర కాస్త తీసి నోట్లో వేసుకుంది. కారం లేదు. వెల్లుల్లి కూడా లేదు. ఆ రేవులో వెల్లుల్లి లేకుండా వండేది పోయినవాళ్లకే. నాన్న తద్దినం ఎండాకాలంలోనే అయిపోయింది.

“ఇదంతా ఎవరికి?”

“మీ అన్నయ్యకి.”

ఇరవై మూడేళ్ల వయసులో అన్నయ్య గిసోక్ స్క్విడ్ వేటకెళ్లే పడవ ఎక్కి వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పోయిన రోజు తెలియనివాళ్లకు చాంద్రమానపు తొమ్మిదో నెల తొమ్మిదో రోజున తద్దినం పెట్టడం ఆనవాయితీ. ఇవాళ ఆ రోజే. ఓక్‌బున్ ఇన్నేళ్లూ ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఏటా అతని పుట్టినరోజుకి సముద్రపు నాచుతో చారు కాచేది. అది బతికున్నవాళ్లకు కాచే చారు. మిహ్యాంగ్ వచ్చి తాగి వెళ్లేది. తల్లి తృప్తి కోసమే తాగుతున్నానని భర్తతో చెప్పుకునేది. అది నిజం కాదని ఆమెకు ఈ పొద్దునే తెలిసింది.

“అంటే ఇవాళ అన్నయ్యని నువ్వే చంపేస్తున్నావన్నమాట!”

“చంపింది సముద్రం. నేను ఆకలితో మాడ్చాను, అంతే.”

“పెళ్లి కానివాడికి ఈ తంతేమిటని బాబాయి నవ్వుతాడు.”

“నవ్వనీ. నోట్లో పళ్లుంటే కదా ఆయనకి!”

“నవ్వులాట కాదమ్మా. అన్నయ్య ఎక్కడో ఒకచోట బతికే ఉంటే?”

“ఉంటే మరీ మంచిది. వాడి కూడు వాడు తినే ఉంటాడు. లేకపోతేనే కదా నా బెంగ. రేపు నేను పోయాక వాడికి ఎవరు పెడతారు? నువ్వా? చారు గిన్నె పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటావు. నిన్ను నాకు తెలీదూ?”

మిహ్యాంగ్ మూతి ముడుచుకునే బల్ల సర్దింది. అన్నయ్య కూర్చునే వైపు నుంచి అన్నం ఎడమపక్క, చారు కుడిపక్క పెట్టింది. బతికున్నవాళ్లకు అలాగే వడ్డిస్తారు. పోయినవాళ్లకు అటుది ఇటు మార్చాలి. ఓక్‌బున్ అది చూసి, వచ్చేవాడి కోసం వీధి తలుపు తెరవడానికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి గిన్నెలు చోట్లు మారాయి. కూతురి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తల్లి కొడుక్కి మొక్కకూడదు కాబట్టి చెల్లెలే సాగిలపడింది. అన్నంలో చెంచా నిలబెట్టింది. ఇద్దరూ బయటికొచ్చి గది తలుపు మూశారు. వచ్చినవాడు మొహమాటపడకుండా నాలుగు ముద్దలు తినాలి. ఆ తర్వాత బయట ఉన్నవాళ్లు, వస్తున్నామని తెలిసేలా దగ్గి లోపలికి వెళ్లాలి.

వసారాలో చలిగా ఉంది. కాసేపటికి మిహ్యాంగ్ దగ్గబోయింది. ఓక్‌బున్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆగవే. వాడు తిని ఎన్నాళ్లయిందో! ఇంకాస్త తిననీ.”

మిహ్యాంగ్ దగ్గలేదు. తల్లి భుజం మీద తల ఆనించి, లోపల తింటున్నవాడికి వినపడకుండా ఏడ్చింది.