పొట్ట చీల్చు, కొమ్ము పెట్టు

పాత ఉతుకుడు గది వైపు పొద్దుపోయాక ఎవరూ వెళ్ళేవారు కాదట. పగలు వెళ్ళాల్సి వచ్చినా గోడకి ఆమడ దూరంలో నడిచేవారట.

ఇది మా బాబాయి చెప్పిన కథ. ముందే మనవి చేస్తున్నాను, మా బాబాయి అబద్ధం ఆడడు. నిజాన్నే కాస్త పెద్దక్షరాల్లో చెబుతాడు. అందుకని అక్కడక్కడ నేను తగ్గించి చెబుతాను. భయం మాత్రం తగ్గించను, అది ఆయన సొంతం.

బాబాయి చదివింది మతపెద్దలు నడిపే విశ్వవిద్యాలయంలో. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం ప్రార్థన, సాయంత్రం ప్రార్థన... మధ్యలో వీలు చిక్కితే చదువు. ఆ ఆవరణకి ఒక చివర, హాస్టల్ వెనకాల, పొడుగాటి పెంకుల గది ఒకటి ఉండేది. ఒకప్పుడు అందరి బట్టలూ అక్కడే ఉతికేవారు. యంత్రాలు వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. లోపల పగిలిన సిమెంటు తొట్లు నాలుగు, ఒక పక్కకి ఒరిగిన ఇస్త్రీ బల్ల ఒకటి మిగిలాయి.

దానికి చెడ్డపేరు ఎలా వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ తొట్టిలో ఎవరో మునిగి పోయారని ఒకడన్నాడు. మోకాలి లోతు తొట్టిలో మునగడం ఏమిట్రా అని ఇంకొకడు అడిగితే, అందుకే మరి ఆత్మ అంత అవమానపడిందని జవాబిచ్చాడట.

ఇవన్నీ గాలి కబుర్లు. అసలు కబురు కాపలా తాతది.

ఒక రాత్రి తాత అటువైపు గస్తీకి వెళ్ళాడు. చంద్రుడు లేడు. హాస్టల్లో దీపాలు ఆర్పేశారు. గది దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో కదిలినట్టయింది... ఎలక అనుకున్నాడు. తర్వాత గాలి అనుకున్నాడు. గాలి మాటలు మాట్లాడదు కదా – అప్పుడు ఆగిపోయాడు.

రెండు గొంతులు. గుసగుసగా.

"పొట్ట చీల్చు..."

"చీల్చాను."

"సరిగ్గా చీలలేదు. మళ్ళీ చీల్చు..."

లోపల గీరుతున్న చప్పుడు... సన్నగా... ఆగి ఆగి.

"వీడికి కొమ్ము ఏదీ?"

"పెడుతున్నా."

"ఆ గుడి ఎందుకు అక్కడ... తీసెయ్."

మతపెద్దల ఆవరణలో కూర్చుని గుడి తీసెయ్యమనే గొంతు ఏ జాతిదో తాతకి ఒకరు చెప్పాలా. టార్చిలైటూ చెప్పులూ అక్కడే వదిలేసి ఒకటే పరుగు. పొద్దున ప్రార్థనకి ముందే సంగతి వంటింట్లో పడింది. ప్రార్థన ముగిసేసరికి ఒక కొమ్ము ఆరు కొమ్ములైంది, పొట్టలు ఎన్నయ్యాయో లెక్కే లేదు.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే ఆ దెయ్యం మా బాబాయే.

బాబాయీ, ఆయన స్నేహితుడూ. ఆ స్నేహితుణ్ణి అందరూ కళ్ళజోడు అనేవారు. విశ్వవిద్యాలయానికి పెద్దల అనుమతి ముద్ర పడిన సొంత పత్రిక ఒకటుంది. అందులో ఉపన్యాసాలూ, ఉపన్యాసాలు ఇచ్చినవాళ్ళ ఫొటోలూ తప్ప ఇంకేం ఉండవు. అది చదివీ చదివీ ప్రాణం విసిగి వీళ్ళిద్దరూ ముద్ర లేని పత్రిక మొదలుపెట్టారు. పేరు 'చిల్లు'. మైనపు కాగితం మీద ఇనపకలంతో రాస్తే అక్షరం ఉన్నంతమేరా మైనం లేచిపోతుంది, అందులోంచి సిరా దిగి అచ్చవుతుంది. ఆ మైనపు కాగితాన్నే స్టెన్సిల్ అంటారు. స్టెన్సిల్ మీద రాసిన అక్షరం కంటికి సరిగ్గా ఆనదు. అందుకని ఒకడు చదివి తప్పులు చెబుతుంటే ఇంకొకడు దిద్దాలి. రహస్యం కాబట్టి గుసగుసగా చెప్పాలి.

'విషయం' అనబోయి 'విశయం' అని రాస్తే ఏం చెయ్యాలి? పొట్ట చీల్చిన ష పెట్టాలి. చీకట్లో దోమలు కుడుతుంటే అంత పొడుగు మాట ఎవడంటాడు, పొట్ట చీల్చు అంటే చాలు. 'గురవు' అని రాస్తే కొమ్ము పెట్టాలి. 'శిక్షణ'ని 'శిక్షిణ' చేస్తే గుడి తీసెయ్యాలి. మా బాబాయికి ఈ మూడు తప్పులూ చిన్నప్పటినుంచీ కంచంలో అన్నంలాగా అలవాటు. కాబట్టి ఆ గదిలో రాత్రంతా పొట్టలు చీలుతూనే ఉండేవి.

తాత పుణ్యమా అని ఇక వాళ్ళకి ఎదురు లేకుండా పోయింది. పిల్లి కూడా అటు రాలేదు. మధ్యమధ్యలో ఒక మూలుగు కూడా వేద్దామా అని బాబాయి అడిగాడట. నీ దస్తూరీ చదువుతూ నేను మూలుగుతూనే ఉన్నాను కదరా అన్నాడట కళ్ళజోడు.

నవ్వులాటగానే ఉంది గానీ, దొరికితే మాత్రం నవ్వులాట కాదు. ముద్ర లేని కాగితం అచ్చువేసినవాణ్ణి ఆ రోజే పెట్టె సర్దించి ఇంటికి పంపుతారు. బాబాయికి అక్కడ దొరికింది ఉచిత సీటు. ఊరికే కాదు, పగలు వంటింట్లో గిన్నెలు తోమాలి, సాయంత్రం హాలు ఊడవాలి. తమ్ముడైనా చదువుకోవాలని మా నాన్న తన చదువు మానేసి కొట్లో పనికి చేరాడు. పెట్టె పట్టుకుని ఆ అన్నయ్య ముందు నిలబడటం కన్నా నిజం దెయ్యం చేతిలో చావడం నయమని బాబాయి అనుకునేవాడట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వడు.

ఆ వారం 'చిల్లు'లో రావలసిన వ్యాసం నిశ్శబ్దంగారి మీద. రాసింది బాబాయే.

నిశ్శబ్దంగారంటే క్రమశిక్షణ చూసే గురువుగారు. నోరు తెరిస్తే మొదటి మాట 'నిశ్శబ్దం', అందుకని ఆ పేరు. లైబ్రరీ తాళం చెవి ఆయన జేబులోనే ఉండేది. సాయంత్రం ఏడింటికి, ప్రార్థన కాగానే తాళం వేసేవాడు. పగలు గిన్నెలు తోమేవాళ్ళకి పుస్తకం ముట్టుకునే వేళ అదొక్కటే, ఆ వేళకే తాళం. మనిషి ముక్కుసూటి. ఆయన నోట అబద్ధం రాదని, ఆయనంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

ఆ రోజు సాయంత్రం కళ్ళజోడు వంటింటి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, పెద్దగురువుగారు నిశ్శబ్దంగారిని పిలిచి చెబుతుంటే విన్నాను. ఈ దెయ్యం గోల వినలేకపోతున్నాను, ఈ రాత్రే వెళ్ళి ఆ గది వెతకండి, ఏముందో రేపు ప్రార్థనలో అందరి ముందూ చెప్పండి అన్నారు."

"స్టెన్సిల్ లోపలే ఉంది కదరా."

"నీ చేతిరాతతో ఉంది."

"నువ్వెళ్ళి తే."

"ఇవాళ ప్రార్థన మందిరంలో దీపాలార్పే వంతు నాది. నేను కనపడకపోతే ఇద్దరం పోతాం."

అలా బాబాయి ఒక్కడే బయల్దేరాడు. గిన్నెలు ముగించి, చేతులు తుడుచుకుని, హాస్టల్ గోడ వెంబడి నక్కుతూ వెళ్ళాడు. నిశ్శబ్దంగారు ఎలాగూ అందరూ పడుకున్నాకే వస్తారు, ఈలోపు తెచ్చేసుకోవచ్చని లెక్క. మందిరం కిటికీల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోవడం కనిపిస్తోంది. అంటే కళ్ళజోడు అక్కడే ఉన్నాడు.

గది నల్లగా ఉంది. తలుపు వారగా వేసి ఉంది.

చెయ్యి తలుపు మీద వెయ్యబోయాడు... ఆగాడు.

లోపల గీరుతున్న చప్పుడు. సన్నగా.

ఆ వెంటనే –

"పొట్ట... చీల్చు..."

ఆ గదిలో ఆ మాట అనే మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు మందిరంలో దీపాలు ఆర్పుతున్నాడు. రెండోవాడు తలుపు బయట తనే నిలబడి ఉన్నాడు.

మరి లోపల?

"ఇక్కడ కూడా... చీల్చాలి..."

తను పుట్టించిన దెయ్యాన్ని చూసి తనే జడుసుకున్నవాడు మా వంశంలో ఈయనొక్కడే. తొట్టిలో మునిగినవాడి కథ మోకాలి లోతుతో సహా గుర్తొచ్చింది. పారిపోదామనుకున్నాడు. పారిపోతే స్టెన్సిల్ లోపలే ఉంటుంది. తెల్లారితే పెట్టె. పెట్టె తర్వాత అన్నయ్య. దెయ్యం ఒక పక్కా, మా నాన్న ఒక పక్కా నిలబడ్డట్టయింది.

తలుపు తోశాడు.

ఇస్త్రీ బల్ల మీద, గుడ్డ కప్పిన టార్చిలైటు. ఆ మసక వెలుతురులో తెల్లటి బట్ట కప్పుకున్న వీపు ఒకటి వంగి ఉంది. చేతిలో ఏదో సన్నగా మెరుస్తోంది. అది ఆగింది.

"ఎవరది?"

ఆ గొంతు రోజుకి మూడుసార్లు వినేదే. నిశ్శబ్దంగారు. చేతిలో మెరుస్తున్నది బాబాయి ఇనపకలం. ముందున్నది బాబాయి వ్యాసం.

తర్వాత ఏం జరిగిందో బాబాయికే అర్థం కాలేదట. బుర్ర ఇంకా బయటే ఉంది, నోరు మాత్రం జవాబిచ్చేసింది.

"దెయ్యాన్నండి."

వీపు కదల్లేదు.

"దెయ్యాలు 'అండి' అంటాయా?"

"ఇక్కడ... చదువుకున్న దెయ్యమండి."

నిశ్శబ్దంగారు వెనక్కి తిరగబోయాడు. భుజం సగం కదిలింది... అక్కడే ఆగిపోయింది. మళ్ళీ బల్ల వైపే వంగాడు.

"అక్కడే ఉండు. వెలుతురులోకి రావద్దు. నాకు చత్వారం, ఒక్కణ్ణే చదువుకుంటూ దిద్దడం కుదరడం లేదు. ఇందులో ఏం రాసి ఉందో దెయ్యాలకి తెలిసే ఉంటుంది. చదువు."

అనుకోండి, మీరు ఒక మనిషిని తిడుతూ వ్యాసం రాశారు. ఆ మనిషికే, చీకట్లో నిలబడి, దాన్ని ఒప్పజెప్పాలి.

"'నిశబ్దం అంటే పుస్తకాలకి తాళం వెయ్యడం కాదు...'"

"నిశ్శబ్దం. శకి శ వత్తు ఏదీ? రోజుకి వందసార్లు అంటాను, ఒక్కసారైనా వినొద్దా. కానియ్."

"'ఈ విషయం ఆ గురు... గురవుగారికి తెలియదా...'"

"కొమ్ము లేదు ఇక్కడ." ఇనపకలం గీరింది. "నాకు కొమ్ము నేనే పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత?"

"'ఆయనకి నిద్రొస్తే... ఊరంతా నిద్రపోవాలా...'"

"ఇది బాగుంది. తర్వాత?"

ఇక మిగిలింది చివరి పేరా. అది మాత్రం ఆయనకి వినిపించడం బాబాయికి ఇష్టం లేదు. అయినా చదివాడు.

"'పగలంతా గిన్నెలు తోమేవాడికి రాత్రి తప్ప చదువుకునే వేళ లేదు. ఏడింటికి తాళం పడితే వాడికి ఈ విశ్వవిద్యాలయంలో మిగిలేది ప్రార్థనలూ గిన్నెలూ. ఇంటి దగ్గర వాడి అన్న, తమ్ముడు చదువుతున్నాడనే అనుకుంటున్నాడు.'"

ఇనపకలం గీరలేదు. దోమల రొద వినిపిస్తోంది. ఆయన అన్నాడు –

"ఈ పేరాలో తప్పులేం లేవు."

స్టెన్సిల్ చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. టార్చి ఆర్పేశాడు. చీకట్లో బాబాయి పక్కనుంచే, మొహం అటు తిప్పుకుని, నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి బాబాయి కునుకు తియ్యలేదు. పెట్టె మంచం కిందనుంచి బయటికి తీసి, బట్టలు సర్ది, దాని మీదే కూర్చున్నాడు.

పొద్దున ప్రార్థనకి హాలు కిక్కిరిసిపోయింది. దెయ్యం సంగతి తేలుతుందంటే ఒంట్లో బాగోలేనివాళ్ళు కూడా లేచొచ్చారు. ప్రార్థన ముగిశాక పెద్దగురువుగారు అడిగారు.

"గది చూశారా?"

నిశ్శబ్దంగారు లేచి నిలబడ్డాడు. "చూశానండి."

"ఏముంది?"

"ఒకటి ఉందండి. నువ్వెవరని అడిగాను. దెయ్యాన్నని చెప్పింది."

హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆయన నోట అబద్ధం రాదని అందరికీ తెలుసు. వెనక వరసలో కాపలా తాత తల పైకెత్తాడు.

పెద్దగురువుగారి గొంతు కూడా తగ్గింది. "మొహం చూశారా?"

"చూడలేదండి."

"ఏం... ఏం కావాలట?"

నిశ్శబ్దంగారు జేబులో చెయ్యి పెట్టాడు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ఇక అయిపోయింది, కాగితం బయటికి వస్తుంది, చేతిరాత అందరూ చూస్తారు... బల్ల మీద ఠంగున చప్పుడైంది. కాగితం పెడితే అంత చప్పుడు రాదు. కళ్ళు తెరిచి చూస్తే, లైబ్రరీ తాళం చెవి.

"చదువుకోడానికి చోటు లేదటండి. మనం ఏడింటికి తాళం వేస్తున్నామట. పదింటిదాకా తలుపు తెరిచి ఉంచితే, ఆ గదిలో ఇక గొంతు వినపడదని నా నమ్మకం."

పెద్దగురువుగారు తాళం చెవి వైపు చూసి, ఆయన వైపు చూసి, సరేనన్నట్టు తల ఊపారు.

బాబాయి అక్కడే, అంతమంది మధ్యలో, వెక్కివెక్కి ఏడ్చేశాడు. పక్కన కూర్చున్న కుర్రాడు, వీడెవడో దెయ్యమంటే మరీ భయపడుతున్నాడనుకుని, లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా నేను తోడు వస్తాలే అని బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడట.