సవరణ అవసరం లేదు

హెల్మెట్ బిగుతుగా ఉందని జీడిపప్పు వ్యాపారి బమ్మిడి లోకనాథం మళ్లీ ఫిర్యాదు చేశాడు. డాక్టర్ నరహరి గడ్డం కింద పట్టీ కాస్త సడలించి, "ఇప్పుడు చెప్పండి, మీకెలాంటి ఆర్టికల్ కావాలి?" అని అడిగాడు.

"మంచి ఆర్టికలండి."

"మంచిదంటే?"

"మంచిదంటే మంచిదేనండి బాబూ! సదివినోడు మా పప్పు కొనాల."

సముద్రం బీచ్ రోడ్డుని మింగేశాక విశాఖపట్నం మెల్లగా కొండల మీదికి జరుగుతున్న కాలం అది. నరహరి ల్యాబ్ కూడా అలా కొండెక్కిందే. అప్పటికి లోకంలో రాతంతా యంత్రాలే రాసేస్తుండటంతో జనానికి మొహం మొత్తిపోయింది. మనిషి రాసిందంటేనే చదివేవారు. దాంతో ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్స్ రచయితల చేత వ్యాసాలు రాయించి అమ్మే సర్వీసులు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటన్నిట్లోకీ పెద్దది 'రాతకోతలు'. అందులో ఆర్డర్ పెట్టడం చిటికెలో పని. మంచి వ్యాసం చేతికి రావడం మాత్రం పూర్వజన్మ సుకృతం.

తప్పంతా రాసేవాళ్లదని నేననను. లోకనాథం లాంటివాళ్లు "మంచి ఆర్టికల్" అని ఊరుకుంటారు. అవతలివాడు "నేటి ఆధునిక సాంకేతిక యుగంలో జీడిపప్పు ప్రాముఖ్యత అంతా ఇంతా కాదు" అని మొదలుపెట్టి పంపేస్తాడు. ఇది కాదంటాడు కొన్నవాడు. మరేది కావాలయ్యా అంటే నీళ్లు నములుతాడు. తనకేం కావాలో తనకే తెలియని మనిషికి ఎంత గొప్ప రచయితైనా ఏం రాసిపెడతాడు?

ఆ చిక్కు విప్పడానికే ఈ హెల్మెట్. చూడ్డానికి స్కూటర్ హెల్మెట్ లాగే ఉంటుంది. లోపల సెన్సార్లు, కళ్ల ముందు చిన్న స్క్రీన్. స్క్రీన్ మీద వాక్యాలు వస్తూ పోతూ ఉంటాయి. వాక్యం నచ్చిందో లేదో మనకి తెలిసేలోపే మెదడులో ఒక సిగ్నల్ పుడుతుంది. హెల్మెట్ దాన్ని పట్టుకుని వాక్యాన్ని కొంచెం మార్చి చూపిస్తుంది, ఇంకొంచెం మార్చి చూపిస్తుంది. కళ్లడాక్టరు "ఇది బాగుందా, ఇది బాగుందా" అంటూ అద్దాలు మార్చినట్టన్నమాట. టీ చల్లారేలోపు మనిషికి కావలసిందేమిటో మొత్తం బయటపడుతుంది. దాన్నే రచయితకి పంపిస్తారు.

గోడ మీది పెద్ద స్క్రీన్‌లో లోకనాథం మనసు అక్షరాల్లో పడింది. 'వ్యాసంలో భార్య అన్నపూర్ణమ్మ పేరు ఉండాలి. ఆమె చేతుల గురించి ఉండాలి.'

"నానెప్పుడన్నానండి ఆ మాట?" లోకనాథం కంగారుపడ్డాడు.

"మీరనలేదు. మీ మెదడంది."

ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "జీడిపిక్కలు కొట్టీ కొట్టీ దాని సేతులు నల్లబడిపోనాయండి. కంపెనీకి మాత్రం మా నాన్న పేరెట్టీసినాను" అని కండువాతో కళ్లొత్తుకున్నాడు.

మర్నాటికి వ్యాసం వచ్చింది. ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది. రాతకోతలు మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సార్, ఇక మా సర్వీసులో సవరణలన్న మాటే ఉండదు!" అన్నాడు. నరహరి తృప్తిగా నవ్వాడు. ఈ కబురు ఒక మనిషికి చెప్పాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ మనిషి పేరు సత్యవేణి. సాలూరులో ఉంటుంది. ఆమెని ఆయన ఎన్నడూ చూడలేదు.

నరహరి ఒంటరివాడు. పెళ్లి ఆలోచన వచ్చేసరికి పెళ్లీడు దాటిపోయింది. స్నేహితులు కొన్నాళ్లు ఫోన్లు చేశారు, ఈయన ఎత్తకపోయేసరికి మానేశారు. మెదడుల్లో సిగ్నళ్లు వెతికే ఈ పెద్దమనిషికి పక్క గదిలో పనిచేసేవాడి ఇంటిపేరు తెలియదు. ల్యాబ్ పరిశోధనల గురించి మామూలు జనానికి అర్థమయ్యే వ్యాసాలు కావాలని పైవాళ్లు పట్టుబట్టడంతో, రాతకోతల్లో ఆర్డర్ పెట్టాడు. ఒకటి తర్వాత ఒకటి 'నేటి ఆధునిక యుగాలు' వచ్చిపడ్డాయి. విసిగి వేసారి ఉండగా సత్యవేణి తగిలింది.

ఆమె ఒక్క వాక్యం కూడా రాయకుండానే రాతకోతల వాయిస్ కాల్‌లోకి వచ్చింది. రాతలో ఎంత నిండైన తెలుగో, మాటలో అంత సాలూరు. వెనకాల ఎక్కడో ఠంగు ఠంగుమని సుత్తి దెబ్బలు.

"ఇది ఎవరికి చెప్తున్నట్టు రాయాల సార్?"

"సామాన్య ప్రజానీకానికి."

"ప్రజానీకానికి నాను రాయలేను సార్. ఒక్క మనిషి పేరు చెప్పండి. ఆ మనిషి నా ఎదురుగా కూకున్నాడనుకుని రాస్తాను."

నరహరికి ఒక్క పేరు కూడా తట్టలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషికి చెప్పుకోవడానికి ఒక్క పేరు లేకపోవడం ఎంత దారుణమో ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. చివరికి కిటికీలోంచి కనిపించిన క్యాంటీన్ వైపు చూసి, "పైడిరాజు. టీ ఇస్తాడు" అన్నాడు.

"ఆయన ఏటి చదువుకున్నాడు? ఖాళీగా ఉన్నప్పుడు ఏటి చేస్తాడు?"

తెలియదు. మర్నాడు వెళ్లి అడిగాడు. ఎన్నేళ్లుగానో టీ గ్లాసు తీసుకుని మారు మాట్లాడకుండా వెళ్లిపోయే సారు తన చదువు గురించి అడిగేసరికి పైడిరాజు హడలిపోయాడు. తర్వాత కుర్చీ వేశాడు. పావురాలంటే పిచ్చట ఆయనకి. సత్యవేణి నాడీకణాల వ్యాసంలో పావురాలు దారి గుర్తుపట్టి ఇల్లు చేరడం గురించి రాసింది. పైడిరాజు అది క్యాంటీన్ గోడకి అంటించుకున్నాడు.

ప్రతి వ్యాసానికీ ఒక కొత్త పేరు కావాలనేది సత్యవేణి. ఆ పేరు కోసం నరహరి మనుషుల్ని వెతుక్కునేవాడు. లిఫ్ట్ బాగుచేసేవాడితో మాట్లాడాడు, పక్క గది మనిషి ఇంటికి భోజనానికి కూడా వెళ్లాడు. కానీ అసలు సంగతేమిటంటే, ఆయనకి ఎదురుచూపంతా సాలూరు సుత్తి దెబ్బల కోసమే. ఆమె ఇంటి వెనక లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉందట. "లారీలు వాటంతటవే నడుస్తన్నాయి గానండి, వాటికి సుత్తి దెబ్బలు తప్పలేదు" అని నవ్వేది.

రాతకోతల్లో ఒక నియమం ఉంది. రాసేవాళ్లకీ రాయించుకునేవాళ్లకీ ఫోన్ నంబర్లు ఇవ్వరు. ఆర్డర్ నడిచినన్నాళ్లే మాట్లాడుకునే వీలు. వ్యాసం బాగుందని నొక్కగానే తలుపు మూసుకుంటుంది. సవరణ అడిగితే ఇంకొన్నాళ్లు తెరిచి ఉంటుంది. అందుకని మన డాక్టరుగారు బంగారం లాంటి వ్యాసాలకి వంకలు పెట్టడం నేర్చుకున్నాడు.

"మొన్న తీసెయ్యమన్న వాక్యాన్నే మళ్లీ పెట్టమంటన్నారు సార్."

"అలాగా? అయితే... ఓసారి పెట్టి చూద్దాం."

"పెడతాను లెండి. ముందిది చెప్పండి, భోంచేసినారా?"

ఆమెకి అంతా తెలుసు. తెలిసీ ఆ సవరణలన్నీ ఓపిగ్గా చేసేది. సాలూరులో ఆ గదిలో ఆమె కూడా ఒక్కర్తేనేమో! ఆ సంగతి నరహరి ఎన్నడూ అడగలేదు. అడగడం ఆమె పని అనుకున్నాడు.

ఒకరోజు వేరే కస్టమరు విసిగించాడేమో, ఆమె నిట్టూర్చి, "ఈళ్ల తలకాయల్లో ఏటుందో చూసే మిషనేదైనా ఉంటే బాగుణ్ను సార్" అంది. మాటవరసకన్న మాట. ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. శాస్త్రవేత్తతో అంటే ఇలాగే అవుతుంది. తనకి ఇన్నాళ్లూ తోడున్న మనిషికి ఏదైనా ఇవ్వాలని ఆయన మనసులో ఎప్పట్నుంచో ఉంది. మిగతా పరిశోధనలన్నీ పక్కన పెట్టి హెల్మెట్ మొదలుపెట్టాడు.

లోకనాథం ప్రయోగం నెగ్గిన రోజు ఆ కబురు చెప్పాడు. అవతల సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.

"బాగుంది సార్. మరి నానడగడానికి ఏటి మిగుల్తాది?"

"అడిగే శ్రమే ఉండదు నీకు! హాయిగా రాసుకోవచ్చు" అన్నాడాయన ఉత్సాహంగా. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆ మహా మేధావికి అర్థం కాలేదు. ఆ ఊపులోనే, వంకలు పెట్టి తెరిచి ఉంచిన ఆర్డర్‌ని 'బాగుంది' అని నొక్కేశాడు.

తర్వాత మేనేజరు వచ్చి, ఇక మాట్లాడుకునే ఏర్పాటు దండగ కదా, మీ అభిప్రాయం రాసివ్వండన్నాడు. తర్కం ప్రకారం దండగే. నరహరి అలాగే రాసిచ్చాడు. ఆ ఏర్పాటు ఎత్తేశారు.

హెల్మెట్ ఊరూరా వెళ్లింది. నాణ్యమైన వ్యాసం అందరికీ మొదటిసారికే దొరికింది. నరహరి కూడా అందరిలాగే హెల్మెట్ పెట్టుకుని కొత్త ఆర్డర్ పెట్టాడు. వ్యాసం ఎవరో ముక్కూ మొహం తెలియని రచయిత నుంచి వచ్చింది. వివరాలన్నీ హెల్మెటే ఇచ్చేస్తే ఎవరు రాసినా ఒకటే కదా, ఖాళీగా ఉన్నవాళ్లకి ఇస్తున్నారు. చదవడం కూడా హెల్మెట్‌తోనే. చదివి, సవరణ కావాలని నొక్కాడు. స్క్రీన్ మీద జవాబొచ్చింది. 'చదివేటప్పుడు మీ తృప్తి తొంభై ఏడు శాతం. సవరణకి కారణం లేదు.'

తృప్తి తగ్గుతుందేమోనని ఈసారి కడుపు మాడ్చుకుని చదివాడు. పళ్లు నూరుతూ చదివాడు. ఆ వ్యాసాన్ని అసహ్యించుకోవడానికి శతవిధాలా ప్రయత్నించాడు. ఆయన హెల్మెట్ ఆయన్నే నమ్మలేదు.

మేనేజరుని అడిగితే, "సత్యవేణిగారా? హెల్మెట్ ఇన్ని వివరాలిచ్చినా, ఇంకా ప్రశ్నలడగాలి అనేవారు సార్. రాయడం ఆలస్యమయ్యేది. రేటింగ్ పడిపోయింది, మానేశారు" అన్నాడు. నంబరు అడిగితే నసిగాడు. "ఆవిడెళ్తూ తన వివరాలన్నీ తీసెయ్యమన్నారు సార్. తీసేశాం."

నరహరి బస్సెక్కి సాలూరు వెళ్లాడు. వెనకాల లారీ షెడ్డున్న ఇల్లు, ఆయనకి తెలిసిన గుర్తు అదొక్కటే. దిగి చూస్తే సగం ఊరు లారీ షెడ్లే. ఏ వీధిలోకి వెళ్లినా ఠంగు ఠంగుమంటూనే ఉంది. ఇంటిపేరేమిటని అడిగారు అక్కడివాళ్లు. ఇన్నాళ్ల స్నేహంలో అది అడగాలని కూడా ఆయనకి తోచలేదు. పొద్దు వాలే దాకా తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత కొత్త పేర్లతో అవసరం లేకపోయింది. టీ గ్లాసు తీసుకుని మారు మాట్లాడకుండా గదికి వచ్చేసేవాడు. పైడిరాజు కొన్నాళ్లు కుర్చీ వేసి చూశాడు, తర్వాత వెయ్యడం మానేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏ విషయం మీద వ్యాసం కావాలో ఏమీ అనుకోకుండా నరహరి హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. వాక్యాలు వచ్చాయి, పోయాయి. ఆర్డర్ వెళ్లింది. సాయంత్రానికి వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు ఎవరో.

అందులో సమాచారం లేదు. అన్నీ ప్రశ్నలే.

'భోంచేసినారా సార్? గొంతు అలాగుందేటి, జలుబు చేసినాదా? పైడిరాజు పావురాలు ఎలాగున్నాయి? మొన్న తీసెయ్యమన్న వాక్యాన్నే మళ్లీ పెట్టమంటన్నారు, ఏటి సంగతి?'

అచ్చం ఆమె మాటే. ఆయన మెదడులోంచి హెల్మెట్ తోడి తీసిన మాట. నరహరి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

'ఇది ఎవరికి చెప్తున్నట్టు రాయాల సార్? ఒక్క మనిషి పేరు చెప్పండి.'

ఈసారి తడుముకోలేదు. "సత్యవేణి" అన్నాడు పైకే, ఖాళీ గదిలో.

స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. 'తృప్తి నూటికి నూరు శాతం. సవరణ అవసరం లేదు. ఈ ఆర్డర్ ముగిసింది.'