మూడో మనిషి బరువు

"మూడో మనిషి నిన్నటి నుంచీ పక్క మార్చలేదు. ఒంటికి పుండ్లు పడే ప్రమాదం ఉంది. దయచేసి తిప్పండి."

గోడలోంచి తూకరి గొంతు. తేనె పూసిన ఆడగొంతు. సుంకులమ్మ చేతిలో చాట కింద పెట్టి, తెర తప్పించుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి తీసింది. మంచం మీద నాలుగు మెత్తటి సంచులు, నాలుగింటి నిండా నీళ్ళు. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా పట్టుకుని, జాగ్రత్తగా ఇటువైపు దొర్లించింది. మళ్ళీ మెడ దాకా కప్పినట్టు దుప్పటి కప్పింది.

"ధన్యవాదాలు. మూడో మనిషి కొంచెం చిక్కారు. జావ పొడి పంపిస్తున్నాం."

"చిక్కిందంట," అన్నాడు మద్దిలేటి చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఆ సివరి సంచి కుట్టు కాడ కారుతాంది. సూసుకో. ఇంకొంచెం చిక్కితే డాక్టర్నే పంపుతాది ఈ గోడ."

"మాయమ్మను సంచి అనాకు."

"నేనేమంటి? కారుతాంది అంటి."

"అదీ అనాకు."

కొత్తరేవుకు కాపురం మార్చాలనుకునే వాళ్ళకు ప్రభుత్వం ఒక బొమ్మల పుస్తకం పంపుతుంది. అందులో సముద్రం ఉంటుంది, ఉద్యోగాలుంటాయి, చేపల పులుసుంటుంది, నవ్వుతున్న పిల్లలుంటారు. అసలు సంగతి ఉండదు. ఈ ఊరికి నేల లేదు. పాత ఊరిని సముద్రం ఎప్పుడో తినేసింది. ఇప్పుడున్నదంతా తేలుబల్లల మీద కట్టిన ఇళ్ళు. పదేసి ఇళ్ళను కొక్కేలతో కలిపి ఒక వరుస. ఒక ఇంట్లో బరువు పెరిగితే పక్కింటి గుమ్మంలోకి నీళ్ళొస్తాయి. అందుకని ప్రతి ఇంటి గోడలోనూ ఒక తూకరి. అది పగలూ రాత్రీ ఇంటిని తూస్తూ, అడుగున ఉన్న గాలితొట్లు నింపుతూ, ఖాళీ చేస్తూ వరుసను మట్టంగా ఉంచుతుంది.

మంచి పనే. కాదని ఎవరన్నారు? కాకపోతే ఇంటిని తూసే యంత్రం మనిషిని తూయకుండా ఎందుకూరుకుంటుంది? కొన్నాళ్ళకు బరువే మనిషైంది. ఆడమనిషి నెల తప్పిన సంగతి అత్తగారికంటే ముందు గోడకు తెలుస్తుంది. రుబ్బురోలు నిషేధం. బీరువాకు అనుమతి కావాలి. చుట్టం వస్తే లోపలికి రాడు. ఒక కాలు గడప మీద, ఒక కాలు బయట నడకచెక్క మీద పెట్టి, అలాగే మాట్లాడి, అలాగే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. ఈ ఊళ్ళో దాన్నే మర్యాద అంటారు. తూకంలో అందరూ సమానమేనని సభల్లో గొప్పగా చెప్పుకుంటారు కూడా.

సుంకులమ్మ వాళ్ళది అనంతపురం వైపు. అక్కడ నేలుంది, నీళ్ళు లేవు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా ముగ్గురి ఇంటికి అనుమతి వచ్చింది. మొగుడు, పెళ్ళాం, ఆమె తల్లి ఈరమ్మ. అనుమతి వచ్చిన వారంలోనే ఈరమ్మ ట్యాంకరు వరుసలో బిందె పట్టుకుని నిలబడి, నిలబడినట్టే కూలిపోయింది. నోట్లో నీళ్ళు పొయ్యడానికి ట్యాంకరింకా రాలేదు. చావు సంగతి చెబితే ముగ్గురి అనుమతి రద్దు. ఇద్దరి ఇంటికి మళ్ళీ వరుస చివర నిలబడాలి. "సెప్పొద్దు," అన్నాడు మద్దిలేటి. తెల్లారకముందే మట్టి చేసి బస్సెక్కారు. దినం లేదు. ఏడుపు లేదు. ఏడిస్తే పక్క సీటువాళ్ళు ఎందుకని అడుగుతారు కదా.

ఇక్కడికొచ్చాక తూకరి అడిగింది, ఇల్లు ఎడమవైపు తేలికగా ఉంది, మూడో మనిషి ఎక్కడని. అప్పుడు నింపింది ఆ సంచుల్ని, తల్లి ఎంత ఉండేదో అంతకు. మొదట అది అబద్ధమే. తరవాత తరవాత ఏమైందో సుంకులమ్మకే తెలియదు. పొద్దున్నే దుప్పటి సర్దుతుంది. సాయంత్రం పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంది. ఒకనాడు కుళాయి రాక మద్దిలేటి ఆ సంచిలోంచి చెంబెడు వంచుకోబోతే చెయ్యి కొరికింది.

నడకచెక్క మీద బూట్ల చప్పుడైంది.

"మద్దిలేటి గారూ! ఉన్నారాండీ?"

వరుస పెద్ద సత్తిరాజు. మనిషి భారీగా ఉంటాడు, అందుకని ఏ గడపా పూర్తిగా ఎక్కడు. చేతిలో తూకపలక ఉంది. దాని మీద ఏ ఇంట్లో ఎందరో, ఎంతో అన్నీ కనబడతాయి.

"వాయుగుండం కాస్తా తుఫానైపోయిందండి. మధ్యాన్నానికి మన మీదే. తేలుబల్లలు నీళ్ళకి లేత్తాయి గానండి, గాలికి ఆగవు. వరుసలన్నీ ఖాళీ చేయిత్తున్నాం. కాపుదోనె వత్తాది, ఎక్కేయండి. గట్టు మీద షెల్టరుంది." ఒక కాలు గడప మీద పెట్టి మెడ సాచాడు. "అమ్మగారెలా ఉన్నారు?"

"నిద్రపోతాంది," అంది సుంకులమ్మ.

"ఎప్పుడొచ్చినా నిద్రేనండి ఆవిడకి. అదృష్టవంతురాలు. మా ఇంట్లో నన్ను కునుకైనా తియ్యనివ్వరు." నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. "సరేగానండి, తుఫానుకి మాత్రం మొహాలు చూడమని ఆర్డరు. ఇప్పుడొద్దులెండి, పడుకోనివ్వండి. షెల్టరు గుమ్మంలో నేనే ఉంటాను కదా, అక్కడ చూత్తాను. ఆవిడ సీటు మెత్తగా వేయించానండి, ఆయ్."

ఆయన అటు వెళ్ళాడో లేదో మద్దిలేటి తలుపు మూశాడు. మొహం మాడిపోయింది.

"అయిపాయె. కొక్కెం ఊడబీకి ఎనక్కి పంపుతారు. అబద్ధం మనిషిని పెట్టినోళ్ళకు ఇంకేవూళ్ళోనూ ఇల్లియ్యరు."

"యాడికి పంపుతారు? అక్కడ నీళ్ళేవి?"

"అదే సెబుతాండా. ఇను. సంచులన్నీ దుప్పట్లో సుట్టి ఆ సీట్లో పెడదాం. గాలీ వానా కదా, గట్టు కాడ అందరూ ఉరుకులాడతాంటారు. ఆ సందులో..."

"సందులో?"

"నీళ్ళలో జారిపాయె అందాం."

సుంకులమ్మ మొగుడి వంక చూసింది. తల్లిని రెండోసారి చంపే మనిషిని చూసినట్టు చూసింది. కానీ ఇంకో దారి ఆమెకూ తోచలేదు. సంచుల్ని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఆకాశం సీసం రంగుకు తిరిగింది. వరుస మొత్తం ఒకటే ఊగడం, కొక్కేలు కీచుమనడం. పక్కింటి కిటికీ తెరుచుకుంది. నూకరత్నం. రేవులో వలల పని చేస్తుంది, మొగుడు లేడు. ఇన్నాళ్ళలో ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుని ఉండరు.

"వదినా, ఒక్క మాట. కోప్పడకు. మీ అమ్మ లేదు కదా?"

సుంకులమ్మ లోపలి మంచం కనబడకుండా కిటికీకి అడ్డంగా జరిగింది.

"గోడ పల్చన వదినా. ఇన్నాళ్ళలో ఆవిడ ఒక్క దగ్గు దగ్గలేదు. ముసిలోళ్ళు దగ్గకుండా ఉంటారేంటి?" నూకరత్నం గొంతు తగ్గించింది. "మా ఇంట్లో బీరువా దగ్గుద్ది."

"ఏమి?"

"మా అత్త. పోలమ్మ. నన్ను తూచడానికి నేనేమన్నా చేపనా అని తూకానికి నిలబడలేదు. ఆవిడ ఇంటిని సత్తిరాజు ఊడదీసేసేడు. నేనే తెచ్చుకున్నాను. బీరువా అమ్మేసేను, మంచం అమ్మేసేను, పెట్టెలన్నీ పారేసేను. ఆ బరువులో అత్తని పెట్టుకున్నాను. తూకరి లెక్కలో మా అత్త సామాను వదినా. దోనెలో నాకొక్కదానికే సీటు. మీకు మూడున్నాయి."

"ఖాళీ లే," అంది సుంకులమ్మ.

"మీ అమ్మ లేదు కదా!"

"అది మాయమ్మ సీటు. ఇయ్యను."

లోపలినుంచి ముసలి గొంతు వినిపించింది. "ఒసే రత్నం, దేబిరించకే. ఎక్కు నువ్వు. బీరువాలు మునిగితే ఎవరేడుత్తారు."

కిటికీ గాలికి దానంతటదే మూసుకుంది.

కాపుదోనె వచ్చింది. నడిపేవాడు లేడు. అదే వచ్చి, అదే నడకచెక్కకు ఆనుకుని, అదే పట్టుకుంది. ఈ రెండిళ్ళే చివరివి. అడుగులోంచి నాలుగు సీట్లు పైకి లేచాయి. ఒకటి మెత్తగా, వెనక్కి వాలి ఉంది. ఎందరికి సీట్లు లేస్తే అందరే ఎక్కాలి, ఒక్కరు ఎక్కువైనా దోనె కదలదు.

నూకరత్నం ఎక్కి కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"మొదటి ఇల్లు సరిపోయింది," అంది దోనె, అదే తేనె గొంతుతో. "లోపల మిగిలింది సామాను. వదిలి వెళ్ళవచ్చు."

మద్దిలేటి ఎక్కాడు. సుంకులమ్మ ఒక కాలు దోనెలో పెట్టింది.

"రెండో ఇంట్లో ఒక మనిషి మిగిలారు. వదిలి వెళ్ళలేము. తొందర లేదు. జాగ్రత్తగా ఎక్కించండి."

అల ఒకటి నడకచెక్క మీదుగా దూకి పోయింది. పక్క వరుసలో ఏదో ఫెళ్ళున విరిగింది.

"తీస్కరావే సంచులు! ఏం సూస్తాండావు!" అరిచాడు మద్దిలేటి.

"మనిషిని వదిలి వెళ్ళలేము," అంది దోనె మళ్ళీ. "వేచి ఉంటాం."

దానికి దయ నేర్పారు మరి. ఎంత గాలొచ్చినా మనిషిని వదలొద్దని నేర్పారు. ఎవరు మనిషో మాత్రం నేర్పలేదు.

పక్కింటి తలుపు వెనక పోలమ్మ దగ్గింది. ఆపుకోబోయి ఆపుకోలేక దగ్గింది. దోనెకది వినబడలేదు, సామాను దగ్గదు కదా. సుంకులమ్మకు వినబడింది.

ఆమె దోనెలోంచి కాలు వెనక్కి తీసుకుంది. నడకచెక్క మీద పరుగెత్తి వెళ్ళి పోలమ్మ తలుపు మీద గట్టిగా చరిచింది. "అవ్వా! రా! బయటికి రా!"

ముసలామె తలుపు పట్టుకుని బయటికొచ్చింది. నూకరత్నం దోనెలోంచే చేతులు చాచి లాగింది. మెత్తటి సీట్లో కూర్చోబెట్టింది.

"మూడో సీటు నిండింది," అంది దోనె. ఒక్క క్షణం ఆగింది. "రెండో ఇంట్లో ఒక మనిషి ఇంకా ఉన్నారు. ఒకరు అదనం. వదిలి వెళ్ళలేము."

ఇంతవరకూ ఎవరికీ తట్టని ముడి అది. ఆ నీళ్ళు ఇంట్లో ఉన్నంతసేపూ ఈరమ్మ బతికే ఉంది. ఈరమ్మ బతికున్నంతసేపూ ఈ నలుగురూ కదలరు.

సుంకులమ్మ తన ఇంట్లోకి పోయి ఒక సంచిని ఈడ్చుకుంటూ గడప దగ్గరికి తెచ్చింది. చేతిలో కూరల చాకు. సంచి మీద పెట్టింది, కానీ చెయ్యి ఆడలేదు. తాగే నీళ్ళు పారబోసిన చెయ్యి వాళ్ళ వంశంలో లేదు. కాళ్ళు కడిగిన నీళ్ళను మొక్కకు పోసే మనుషులు. పైగా ఇవి నీళ్ళా?

"కొయ్యవే!" అన్నాడు మద్దిలేటి. "నేను కొయ్యల్నా?"

"నువ్వు ముట్టాకు."

వంగి సంచి మూతి దగ్గర మొహం పెట్టింది. "మాయమ్మా," అంది. "ఆ పొద్దు పొయ్యలేకపోతి కదా. ట్యాంకరు రాలేదు కదా. ఇదిగో. తాగు. ఇప్పుడు తాగు."

కోసింది. నీళ్ళు బుడబుడమంటూ గడప దాటి, నడకచెక్క దాటి ఉప్పునీళ్ళలో కలిశాయి. రెండోది తెచ్చింది. "తాగమ్మా." మూడోది. కారే సంచిని చివర తెచ్చింది. దాన్ని కొయ్యలేదు. మూత విప్పి దోసిట్లో పట్టి పట్టి వదిలింది. గాలికి ఆ ధార తిరిగి తిరిగి ఆమె మొహం మీదే పడింది.

"రెండో ఇల్లు ఖాళీ అయింది," అంది దోనె. "అందరూ క్షేమం. ధన్యవాదాలు."

ఆమె ఎక్కగానే అది కదిలింది. కాసేపటికి వెనక కొక్కేలు తెగిన చప్పుడు వినబడింది. ఎవరూ తిరిగి చూడలేదు.

షెల్టరు పెద్ద రేకుల షెడ్డు. గుమ్మంలో సత్తిరాజు తూకపలకతో నిలబడి ఉన్నాడు, నిలువెల్లా తడిసి. మద్దిలేటిని చూసి తలూపాడు. నూకరత్నాన్ని చూశాడు. పోలమ్మను చూసి ఆగిపోయాడు. ఆ ముసలామె ఇంటి కొక్కెం తన చేతులతోనే ఊడదీశాడు. తన గుమ్మంలో నిలబడి ఆమె తిట్టిన తిట్లు ఊరంతా విన్నది.

"మీ అమ్మగారాండీ ఈవిడ?" సుంకులమ్మను అడిగాడు. గొంతులో నవ్వు లేదు. వేలు పలక మీద ఉంది. అబద్ధపు మనిషి అనే గుర్తు మీద.

మద్దిలేటి పెళ్ళాం చెయ్యి గట్టిగా నొక్కాడు. అవునను. ఒక్క మాట. అవునంటే సత్తిరాజు ఒప్పుకున్నా ఒప్పుకుంటాడు, ఇంత గందరగోళంలో ఎవరు అడుగుతారు? ఇల్లు నిలుస్తుంది. ఇంకో తేలుబల్లిస్తారు.

సుంకులమ్మ నోరు తెరిచింది. కడుపులోంచి ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళ ఏడుపో, ఎక్కడ దాచుకుందో, నేల మీద చతికిలబడి, తల బాదుకుంటూ, వాళ్ళ ఊళ్ళో శవం దగ్గర ఏడ్చే ఏడుపు, రాగం తీసి, పేరు పెట్టి. "మాయమ్మా ఈరమ్మా, నన్నిడిసి పోతివా తల్లీ..." షెడ్డులో జనమంతా ఇటు తిరిగారు.

"ఏమ్మాయ్, ఊరుకో," అనలేదు పోలమ్మ. పక్కన కూలబడి వీపు మీద చెయ్యేసింది. సత్తిరాజు వైపు తలెత్తి, "ఏం చూత్తున్నావ్? నొక్కుకో. ఎంతమందిని నొక్కుతావో నొక్కుకో. దాన్ని మాత్రం ఏడవనియ్యి," అంది.

సత్తిరాజు వేలు పలక మీదే ఉంది.

అప్పుడు మూలనుంచి ఒకామె లేచింది. వేరే వరుస మనిషి, సుంకులమ్మ ఎన్నడూ చూడని మనిషి. చేతులనిండా తడి ఇసక. వచ్చి, సుంకులమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మా మంచం మీదున్నది ఇసకండి," అంది. "మా అబ్బాయి."

ఆమె వెనక ఇంకొకాయన లేచి నిలబడ్డాడు.