ఆ కుంటివాడికి పెట్టిన పేరు

కంపాలాలో, కసూబి సంత వెనక మా వీడియో హాలు. విదేశీ సినిమా ఆడుతుంటే పక్కన మైకు పట్టుకుని మా లుగాండా భాషలో కథ చెప్పడం నా పని. సినిమా భాష నాకు రాకపోయినా ఫరవాలేదు, మాటలు నేనే అల్లేస్తాను. పాత్రలకి హాల్లో కూర్చున్నవాళ్ళ పేర్లు పెడతాను. సగం జనం వచ్చేది అందుకే.

పదేళ్ళుగా తన్నుకునే సినిమాలే చెప్పి చెప్పి విసుగెత్తిపోయింది. పెళ్ళికి ముందు నేనూ మా ఆవిడ నంబోజె కలిసి ఏవేవో దేశాల, నిదానంగా సాగే సినిమాలు చూసేవాళ్ళం. వాటి మీదకి మళ్ళీ మనసు పోయింది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, సంతలో దొరికిన పేరులేని డిస్కు పెట్టాను. ఎవరమ్మారో ఇప్పుడెంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మంచు. ఒక ఇల్లు. తెరిచి ఉన్న తలుపు. నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీలకి గోనెపట్టాలు కట్టిన ఆ చీకట్లో ఉక్క, చెమట వాసన, బయట వేగుతున్న చపాతీల వాసన, అన్నీ మరిచిపోయాను.

తెర మీద ఒక కుంటివాడు ఆ ఇంటికేసి నడిచాడు.

"అదుగో, మన దర్జీ సెంటోంగో! అత్తారింటికి బయల్దేరాడు!" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ముందు బెంచీలోంచి సెంటోంగో వెనక్కి తిరిగాడు. "నీ నోరు పడిపోను! వాడికంటే నేనే అందగాణ్ణిరా!"

కుంటివాడు లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఆ తరవాత సెంటోంగో కిక్కురుమనలేదు. వంగి చూశాను. మూసిన తలుపు వెనక నుంచి వినిపిస్తున్న మాటలకి సరిగ్గా అతని పెదవులు కదులుతున్నాయి.

ఇది పక్క హాల్లో కథ చెప్పే ముక్వాయా పనే అనుకున్నాను. నా ఆట చెడగొట్టడానికి వీణ్ణి తయారుచేసి పంపాడు. కానీ సొంత సంతకమే రాని సెంటోంగో ఈ భాష ఎప్పుడు నేర్చాడు?

చూద్దామని, తరవాత వచ్చిన ముసలాడికి టిక్కెట్లు చింపే లుబేగా పేరు పెట్టాను. మళ్ళీ తలుపు మూసుకుంది. మా హాలు గుమ్మం దగ్గర జనాన్ని పిలుస్తున్న లుబేగా గొంతు ఆగిపోయింది... మళ్ళీ మొదలైంది. మా భాషలో కాదు.

అప్పుడే నంబోజె ఉడికించిన అరటికాయ మతోకె గిన్నెతో వచ్చి నా పక్కన కూర్చుంది. తెర చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇలాంటివి చూసి ఎన్నాళ్ళయిందయ్యా!" అంది గుసగుసగా.

తెర మీద గిన్నె పట్టుకున్న ఒక ఆడమనిషి తలుపు దగ్గర ఆగింది.

"పేరు చెప్పరా కిబూకా!" జనం అరిచారు.

నేను నోరు విప్పలేదు. నంబోజెకి ఏమన్నా అయితే నేను బతకను. తెర మీది మనిషి కదలడం లేదు... ఎదురుచూస్తోంది. చివరికి, ఎప్పుడో పోయిన మా అమ్మమ్మ పేరు చెప్పాను.

ఆ ఆడమనిషి తల అడ్డంగా ఊపింది.

డిస్కు ప్లేయరు ప్లగ్గు పీకేశాను. సినిమా ఆగలేదు.

"ఎందుకంత వణుకుతున్నావ్? నేను చెప్తాను," నంబోజె నవ్వుతూ మైకు లాక్కుంది. "ఆవిడ పేరు నంబోజె!"

"వద్దే..."

తలుపు మూసుకుంది.

ఆమె చెయ్యి నా చేతిలో వెచ్చగానే ఉంది. "ఇంటికి పోదాం పద," అని బతిమాలాను. ఆమె తెర వంకే చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. మంచులో ఒక మగవాడు ఒంటరిగా వచ్చి, దాని ముందు నిలబడ్డాడు.

నంబోజె మైకు నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది. హాలంతా నవ్వింది. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటే.

నా పేరు.