నడుమెత్తు గూడు

"అమ్మీ, జర గిట్ల వచ్చి నిలబడుండ్రి" అని తబస్సుమ్ పిలిస్తే జహీరా బేగం చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి పెరట్లోకి వచ్చింది. కోడలి మెడలో కొలత టేపు వేలాడుతోంది. చిట్యాలలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు ఆ టేపుతో కొలిచినవే కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ఆ పొద్దున ఆమె అత్తగారి భుజాల జోలికి పోలేదు. నేల నుంచి నడుము దాకా టేపు పట్టి, పక్కన పాతిన సర్వి కట్టె మీద దర్జీ సుద్దతో గీత గీసింది.

"గిదేందే?"

"గుడ్ల పెట్టె గీడ వస్తది. మీరు వంగకుంట చెయ్యి పెట్టి తీసుకోవచ్చు."

జహీరా ఆ గీత వంక చూసింది. కొలతైతే సరిగ్గానే ఉంది. "కోళ్లకు మేడలు గడ్తున్నవ్" అని పైకి విసుక్కుని, చల్లారిన చాయ్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే, అత్తా కోడలూ. కొడుకు ఫహీమ్ పరకాల రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయి రెండేళ్లయింది. అతని వెల్డింగ్ షాపు సామానంతా తెచ్చి పెరటి గోడకు ఆనించి తాడిపత్రి కప్పారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ బట్ట పరుచుకుని, దాని ముందు కూర్చుని తింటారు. "కూర వేసుకో", "నీళ్లు వచ్చినయ్", "కరెంటు పోయింది" లాంటి మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఒకరి ముందు ఏడిస్తే ఇంకొకరు తట్టుకోలేరని ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్లే దాచుకున్నారు. దాచుకుని దాచుకుని, మాట్లాడుకోవడమే మర్చిపోయారు.

పాత గూడు జహీరా కాపురానికి వచ్చిన కొత్తలో తన చేతులతో కట్టుకున్నది. మోకాలెత్తు మట్టిగూడు, మూతకు ఒక బండరాయి. గుడ్లు కావాలంటే నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి చెయ్యి దూర్చాలి. పోయిన వానాకాలంలో అలా వంగి, మోకాళ్లు పట్టేసి, లేవలేక బురదలోనే కూర్చుండిపోయింది. లైనింగ్ గుడ్డ కోసం బట్టల షాపుకు వెళ్లిన తబస్సుమ్ తిరిగొచ్చి లేపేదాకా అక్కడే ఉంది. పోయిన నెల ముసురుకు ఆ గూడు కూలితే, మట్టి ఎత్తి పోసి, కోడలు కొత్తది మొదలుపెట్టింది.

మొదలుపెట్టడం మంచిదే. కానీ తాడిపత్రి విప్పింది. ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోని కిటికీ గ్రిల్లును గూటికి ముందు గోడ చేసింది. మిగిలిన చువ్వలు అడుగున పరిచి బైండింగ్ వైరుతో కట్టింది. ఫహీమ్ చేతి ఇనుము ఒక్కొక్కటే అలా తరిగిపోతుంటే, కొడుకును మళ్లీ కొంచెం కొంచెంగా సాగనంపుతున్నట్టు అనిపించి జహీరా పెరటి వైపు కిటికీ మూసుకుంది.

ఆమె గుండెలో ముల్లు అదొక్కటే కాదు. నెల కిందట జనగామ నుంచి తబస్సుమ్ అన్న జాకీర్ ఫోన్ చేశాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో చెల్లెలికి ఒక సంబంధం ఉందనీ, అతని భార్య కూడా చనిపోయిందనీ, మంచి మనిషనీ, ఖాలా, మీరు ఒప్పుకుంటే మాట్లాడతాననీ అన్నాడు. ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడవుతూనే ఉంది. జహీరా కళ్లు మూసుకుని, "తీస్కపో బేటా, చిన్న పిల్ల, ఎన్నొద్దులని ఈడుంటది" అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో దేవుడికే తెలుసు. ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు, మిషన్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని.

కోడలు ఏమీ అడగలేదు. ఈమె ఏమీ చెప్పలేదు. ఆ వారమే గూటికి కట్టెలు పాతడం మొదలైంది.

ఇక రోజుకొక మార్పు. ఒక రాత్రి జంగపిల్లి వచ్చి కోళ్ల గంప అడుగు నుంచి పంజా పెట్టిందని గూటి కింద సన్నజాలి కొట్టింది. ఎండ తగులుతోందని పైకప్పు రేకు మీద గోనెసంచులు పరిచింది. టమాటా ట్రేకు మూత బిగించి గుడ్ల పెట్టె చేసింది. పెద్ద సీసాను పళ్లెంలో బోర్లించి, కోళ్లు తాగిన కొద్దీ నీళ్లు వాటంతటవే దిగేలా చేసింది. తలుపు గడియ కూడా ఒంటి చేత్తో పడేటట్టు పెట్టింది. ఆ గడియను ఒకసారి వేసి తీసి చూసినప్పుడు జహీరాకు అంతా అర్థమైంది. ఈ గూటికి రెండో మనిషితో పని లేదు. ఒక్క ముసలిది ఒంటరిగా సాకుకోగలిగేలా పిల్ల అన్నీ అమర్చి పెడుతోంది. అంటే వెళ్లడానికి సిద్ధమైంది.

వెళ్లమన్నది తనే కదా. మరి ఈ మంట ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసీ, అన్నంలో ఉప్పు ఎక్కువైందని కోడల్ని రెండుసార్లు అకారణంగా కసిరింది.

శుక్రవారం నాడు జాకీర్ పండ్ల సంచీతో దిగాడు. ఆదివారం వాళ్లు పిల్లను చూడటానికి వస్తారనీ, ఖాలా ఇచ్చిన జబాన్, ఆ మాట మీదే అంతా నడుస్తోందనీ సంతోషంగా చెప్పి జుమ్మా నమాజుకు మసీదుకు వెళ్లాడు. పట్టకారు చేతిలో పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డ తబస్సుమ్ అంతా విన్నది.

"ఆదివారం ఎవరొస్తున్నరమ్మీ?"

"నీకెర్కే గద" అంది జహీరా, నేల చూపులు చూస్తూ. "ఎర్కయ్యే గద గూడు తయారు జేస్తున్నవ్. నా నడుమెత్తుకు కొలిచినవ్. నీళ్లు వాటికవే దిగేటట్టు జేసినవ్. నన్నొక్కదాన్నే ఇడిచి పోయేటందుకు గాదా గిదంత?"

"అవును" అంది తబస్సుమ్. ఆ జవాబు జహీరా ఊహించలేదు. "గందుకే కట్టిన. మీరు ఫోన్ల తీస్కపో అన్నంకనే కట్టుడు షురూ జేసిన. ఇంటి పెద్దమనిషే పొమ్మన్నంక నేనెట్ల ఉంట? పోయినంక మీరు మళ్ల గట్ల వంగి బురదల పడితే ఎవరు లేపుతరని కట్టిన."

"నేను పొమ్మన్ననా? నీ జిందగి ఖరాబ్ కావొద్దని అన్న."

"ఉండుమని ఒక్కనాడన్న అన్నరా అమ్మీ?" పట్టకారు అరుగు మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు అడగలే, మా అన్న అడగలే. నా గురించి అందరు మాట్లాడిన్రు, నాతోని ఎవ్వరు మాట్లాడలే. మిషన్ ముంగట కూసొని అన్ని ఇన్న."

జహీరా ముందు గది వైపు చూసింది. నిజమే. ఆ రోజు మిషన్ ఆగిపోయిందని తెలిసి కూడా తను లేచి ముందు గదిలోకి వెళ్లలేదు. నాలుగడుగులు వేసి "నీ మనసులో ఏముంది బిడ్డా" అని అడిగితే సరిపోయేది. అడిగితే "పోతా" అంటుందేమోనని భయపడింది. కోడలి బాగు కోసం త్యాగం చేశాననుకుంది గానీ, ఆ జవాబు వినే ధైర్యం లేకనే తొందరపడి మాటిచ్చేసింది. ఆ సంగతి ఇప్పుడు తెలిసి సిగ్గుతో తల వాలిపోయింది.

జాకీర్ తిరిగొచ్చాక ముందు మాట్లాడింది జహీరానే. ఆదివారం వాళ్లను రావొద్దని చెప్పమంది. "జబాన్ ఇచ్చింది నేనే బేటా. పిల్లను అడగకుంట ఇచ్చిన. గందుకే వాపస్ తీసుకుంటున్న." అతను చెల్లెలి వంక చూశాడు. తబస్సుమ్ ఒకటే చెప్పింది, పెళ్లి వద్దని ప్రమాణం చేయడం లేదనీ, చేసుకోవాలనిపించిన రోజు ముందు అమ్మీతో చెప్పి, తర్వాత అన్నకు చెబుతాననీ. జాకీర్‌కు కోపం వచ్చినట్టే ఉంది. కాసేపు కూర్చుని, చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

గూడు ఆ రోజే పూర్తయింది. ఇన్నాళ్లూ గంపల కింద పడుకున్న కోళ్లను వదిలి, కొత్త గూటి తలుపు తీసి, నూకలు చల్లారు. పొద్దు గుంకుతుంటే కోళ్లు ఒక్కటీ అటు తొంగిచూడలేదు. మట్టిగూడు కూలిన చోటికి వెళ్లి, ఏమీ లేని ఆ నేల మీద ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి.

"కొత్త గూటికి మరిగేదాక రోజూ ఎత్తి ఎయ్యాలె" అంది తబస్సుమ్. చేతులు చాపి మొదటి పెట్టను ఎత్తుకుంది.

"తబ్బూ, ఆ గూటి కాళ్లు కోసెయ్యి."

"కోస్తే గుడ్లు ఎట్ల తీస్తరు? వంగుతరా మీరు?"

"వంగ. వంగలేను." జహీరా గూటి కింది కట్టెలు చూపించింది. "గందుకే కొయ్యమంటున్న. కొయ్యి, నువ్వుండు బిడ్డా."

రెండేళ్లుగా ఆగిన ఏడుపు ఇద్దరికీ అప్పుడే వచ్చింది. చేతుల మధ్య చిక్కుకున్న పెట్ట కొక్కొక్కమని గింజుకుంది. దాన్ని వదలకుండానే తబస్సుమ్ అత్తగారి భుజం మీద తల ఆనించింది. కాసేపటికి ముక్కు ఎగపీల్చుకుంటూ, "కాళ్లు ఉండనీ అమ్మీ. ఎన్నడో ఒకనాడు నా మోకాళ్లు గూడ నొస్తయి గద" అంది. జహీరా ఏడుస్తూనే నవ్వింది.

ఒకరు ఎత్తి ఇస్తుంటే ఒకరు లోపల వేసి, చీకటి పడేలోగా కోళ్లన్నింటినీ గూట్లో పెట్టారు. గడియ వేసింది జహీరానే, ఒంటి చేత్తో. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఫహీమ్ మాట వచ్చింది. చిన్నప్పుడు వాడు పుంజుకు భయపడి అటక ఎక్కిన కథ చెబుతూ జహీరా అన్నం తినడం మర్చిపోయింది.

మర్నాడు సాయంత్రం కోళ్లు మళ్లీ పాతచోటికే వెళ్లి కూర్చున్నాయి. తబస్సుమ్ మిషన్ ఆపి పెరట్లోకి వచ్చింది. ఇవి ఇంకొన్నాళ్లు మరగకపోతే బాగుండునని జహీరా మనసులో అనుకుని, కొంగు బిగించి కోడలి వెనకే నడిచింది.